కర్నూలు దగ్గర విప్పిన కవరు

ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటా. 2022 జూన్‌లో హైదరాబాదు నుంచి బెంగుళూరు వెళ్ళే రాత్రి బస్సులో మూడు గోల్డ్‌ఫిష్‌లని నా చేతులారా చంపేశాను. కావాలని కాదు, వాటికి మంచి చేద్దామనే.

అవి మా చెల్లివి. పేర్లు బుజ్జి, చిట్టి, గుండు. లాక్‌డౌన్‌లో ఏమీ తోచక కొనుక్కుంది. ఎమ్మెస్‌కి వెళ్ళిపోతూ "అన్నయ్యా, అమ్మకి కుదరదు, నువ్వే చూసుకోవాలి" అని నాకు అప్పజెప్పింది. సరిగ్గా అప్పుడే మా ఆఫీసు వాళ్ళు ఇంటి దగ్గర్నించి పని చేసింది చాలు, బెంగుళూరు వచ్చెయ్యమన్నారు. చేపల షాపతను ఒక కవరులో కాసిని నీళ్ళు పోసి, మూడింటినీ వేసి, సిలిండర్‌లోంచి ఆక్సిజన్ నింపి, మూతి మెలిపెట్టి రబ్బరు బ్యాండ్లు బిగించి ఇచ్చాడు. చూస్తే అడుగున ఇన్ని నీళ్ళు, పైనంతా గాలే. బేరం ఆడానని నీళ్ళు తగ్గించాడేమో అనుకున్నా.

కర్నూలు దాటాక ఒక డాబా దగ్గర బస్సు ఆపారు. కవరు తీసి చూస్తే మూడూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉన్నాయి. జాలేసింది. రబ్బరు బ్యాండ్లు విప్పి కాస్త "మంచిగాలి" తగలనిచ్చా. ఇంట్లో పంపు దగ్గర పట్టుకున్న బాటిల్లో నీళ్ళు కొన్ని కలిపా. బుగ్గలు నొప్పెట్టేలా నోటితో ఊది మళ్ళీ కట్టేశా. ఆ తృప్తితో హాయిగా నిద్రపోయా. తెల్లారి హెబ్బాళ దగ్గర లేచి చూస్తే మూడూ ఒక పక్కకి ఒరిగిపోయి తేలుతున్నాయి.

చెల్లికి మూణ్ణెల్లు చెప్పలేదు. ఫొటోలు పంపమంటే పాతవి పంపాను. (వెధవ పనే. దానికి సమర్థింపు ఏమీ లేదు.)

ముందుగా చెప్పింది మా మావయ్యకి. ఆయనకి కైకలూరు దగ్గర చేపల చెరువుంది. అంతా విని, "ఆక్సిజన్ కొట్టించిన కవరు మధ్యలో ఎవడైనా విప్పుతాడ్రా! నువ్వేం ఇంజనీర్‌వి?" అన్నారు. కాసేపాగి, "మా నాన్న రోజుల్లో ఈ కవర్లెక్కడివి? పక్కన ఒక మనిషి కూర్చుని తెల్లార్లూ నీళ్ళు గిలకొట్టాల్సిందే. నువ్వు కవరూ విప్పావు, నిద్రా పోయావు" అని ముక్తాయించారు.

ఆ తెల్లార్లూ నీళ్ళు గిలకొట్టే మనిషి నా బుర్రలో కూర్చుండిపోయాడు. చేపల్ని బతికుండగా ఊళ్ళు దాటించిన చరిత్ర ఏమిటా అని అప్పట్నించి దొరికిందల్లా చదువుతున్నా. చదివినకొద్దీ నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. పాలిథీన్ కవరు రాక ముందు చేప ప్రాణంతో దూరం వెళ్ళడానికి ఉన్నవి రెండే దారులు. చేప మహా గట్టిదై ఉండాలి, లేకపోతే పక్కన ఎవరో ఒకరు నిద్ర మానుకోవాలి.

చేపని ఇల్లు మార్చడం అనగానే మనకి గుర్తొచ్చేది సత్యవ్రతుడి కథే కదా. భాగవతంలో ఆయన చిన్న చేపపిల్లని కమండలంలో వేసుకుని వెళ్తాడు. అది పట్టకపోతే పెద్ద పాత్రలోకి, అదీ చాలకపోతే కొలనులోకి, చివరికి సముద్రంలోకి. సాక్షాత్తూ విష్ణుమూర్తి కాబట్టి గాలి అందలేదన్న సమస్య రాలేదు గానీ, "ఈ పాత్ర నాకు చాలట్లేదు" అని చేపే నోరు తెరిచి చెప్పడం నాకు భలే నచ్చుతుంది. బుజ్జి, చిట్టి, గుండులకి ఆ సదుపాయం లేదు.

అసలు చరిత్రకొస్తే, గోల్డ్‌ఫిష్ పుట్టిల్లు చైనా. బూడిదరంగు కార్ప్ చేపల్లో అప్పుడప్పుడూ పుట్టే ఎర్ర, పసుపు రంగు పిల్లల్ని ఏరి చెరువుల్లో పెంచారు. సాంగ్ వంశం నాటికి, అంటే 12వ శతాబ్దానికి, రాజుగారి తోటల్లో వాటికి ప్రత్యేకంగా కొలనులుండేవి. తర్వాత మింగ్ కాలంలో అవి కొలను లోంచి పింగాణీ తొట్లలోకి వచ్చాయి. 1596లో ఝాంగ్ చియెంద అనే ఆయన ఈ ఎర్రచేపల మీద ఏకంగా ఒక పుస్తకం రాశాడు. తొట్టిలో పెద్ద చేపలు తినెయ్యవు, కొంగలు ఎత్తుకుపోవు కాబట్టి సరిగ్గా ఈదలేని రెండు తోకల చేప కూడా బతికి బట్టకట్టింది. పైనించి చూస్తే అందంగా కనబడేలా వాటిని ఎంచుకుంటూ పోయారు. అక్కడి తొట్లు వెడల్పుగా, ఆకాశం కనబడేలా ఉండేవన్నది గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా దానికి.

అక్కడినుంచి జపానుకి, 17వ శతాబ్దంలో యూరప్‌కి చేరాయి. 1665 మేలో లండన్‌లో శామ్యూల్ పీప్స్ గాజుపాత్రలో బతుకుతున్న విదేశీ చేపల్ని చూసి ముచ్చటపడి తన డైరీలో రాసుకున్నాడు. తెరచాప ఓడల్లో నెలల తరబడి ప్రయాణం చేసి ఇవి ఎలా బతికాయి? గోల్డ్‌ఫిష్‌కి ఒక విద్య ఉంది. చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ దాదాపు లేకపోయినా కొంతకాలం బతకగలదు. ఒంట్లో పేరుకునే లాక్టిక్ ఆసిడ్‌ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల్లోంచి బయటికి వదిలేస్తుంది. (అవును, నిజంగానే ఆల్కహాల్. శుక్రవారం సాయంత్రం మన టీమ్ లాగా.) ఈ విద్యకి చల్లదనం కావాలి. జూన్‌లో, మన బస్సు సీటు కింద, అది పనిచెయ్యదు.

1869లో చైనా నుంచి పారిస్ చేరిన పారడైజ్ ఫిష్‌దీ అదే కథ. పియెర్ కార్బొనియే అనే ఆయన వాటిని పారిస్‌లో పెంచి పిల్లలు చేయించాడు. వెచ్చటి దేశాల నుంచి యూరప్ ఇళ్ళలోకి వచ్చిన మొదటి చేపల్లో ఇదొకటి. దీని గొప్పతనం ఏమిటంటే, మన కొర్రమీనులాగా నీటి పైకొచ్చి నేరుగా గాలి మింగి బతకగలదు. ఫైటర్ చేపా అంతే. అంటే మొదట్లో ఏ చేపలు మన డ్రాయింగు రూముల్లోకి వచ్చాయన్నది అందం ఒక్కటే తేల్చలేదు. దారిలో చావనివే వచ్చాయి. గోల్డ్‌ఫిష్‌ని గిన్నెలో పెట్టినా బతికేస్తుందని మనం అనుకోవడం కూడా ఇందుకేనేమో. అది హాయిగా ఉండి బతకట్లేదు, చావడానికి టైము తీసుకుంటోంది, అంతే.

రెండో దారి, నిద్ర మానుకునే మనుషుల దారి. నాకు బాగా గుర్తుండిపోయిన మనిషి ఒక పనమ్మాయి. 1846లో ఇంగ్లండ్‌లో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ సముద్రతీరంలో దొరికిన పగడపు జీవుల్ని లండన్‌లో తన ఇంటికి తెచ్చుకుంది. చేపలు కావు గానీ సమస్య అదే. అవి దొర్లకుండా సూదీదారంతో స్పాంజికి కుట్టి, జాడీలో సముద్రపు నీళ్ళు పోసి తీసుకొచ్చింది. లండన్‌లో సముద్రం లేదుగా. అందుకని ఇంట్లో పనమ్మాయి కిటికీ దగ్గర నిలబడి, రోజూ అరగంట నుంచి ముప్పావుగంట సేపు, ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి తిరగపోసేది. మన టీకొట్టువాడు టీ తిరగపోసినట్టు. ఆనా థిన్ పేరు పుస్తకాల్లో ఉంది. ఆ పనమ్మాయి పేరు నేను చదివినవాటిల్లో ఎక్కడా కనబడలేదు.

1850లో రాబర్ట్ వారింగ్టన్ అనే కెమిస్టు తొట్టిలో రెండు గోల్డ్‌ఫిష్‌లు, నీటిమొక్క, నత్తలు వేసి, మొక్కలుంటే నీళ్ళు అస్తమానం మార్చక్కర్లేదని రాశాడు. 1853లో లండన్ జూలో చేపల ఇల్లు తెరిచారు, మరుసటేడు ఫిలిప్ గాస్ పుస్తకంతో అక్వేరియం అనే మాట జనం నోళ్ళలో పడింది. కానీ మొక్క పనిచేసేది తొట్టి కదలకుండా ఉన్నప్పుడు, వెలుతురు ఉన్నప్పుడు. రైలు పెట్టెలో, చీకట్లో, అది పనికిరాదు.

రైలు అనగానే అమెరికా వాళ్ళ గోల. ఈ భాగం మాత్రం సినిమా తియ్యొచ్చు. 1871 జూన్‌లో సేత్ గ్రీన్ అనే ఆయన సుమారు 12 వేల షాడ్ చేపపిల్లల్ని పాలక్యాన్లలో పోసుకుని న్యూయార్కు నుంచి కాలిఫోర్నియాకి రైల్లో బయల్దేరాడు. ఏడు రోజుల ప్రయాణం. దారి పొడవునా నీళ్ళు గిలకొడుతూ, దొరికినచోట మారుస్తూ, వేడెక్కకుండా కనిపెట్టుకుంటూ వెళ్ళి సుమారు 10 వేల పిల్లల్ని బతికుండగా శాక్రమెంటో నదిలో వదిలాడు. ఏసీ లేదు, సిలిండర్ లేదు. నేను పది గంటల ఏసీ బస్సులో మూడు చేపల్ని దింపలేకపోయాను. లెక్క మీరే వేసుకోండి.

రెండేళ్ళకి, 1873లో, లివింగ్‌స్టన్ స్టోన్ అనే ఇంకొకాయన ఏకంగా రైలు పెట్టెనే అక్వేరియంలా కట్టించి దాదాపు మూడు లక్షల చేపలతో కాలిఫోర్నియాకి బయల్దేరాడు. జూన్ 8న నెబ్రాస్కాలో ఎల్క్‌హార్న్ నది మీద వంతెన కూలి పెట్టె నదిలో పడిపోయింది. స్టోన్ ఈదుకుంటూ బయటపడ్డాడు. ఆయనకంటే బాగా ఈదగలిగినవి ఎటు పోయాయో ఎవరికి తెలుసు! అదే నెలలో ఆయన మళ్ళీ షాడ్ పిల్లల్తో కాలిఫోర్నియాకి ప్రయాణం కట్టాడంటే ఏమనాలి. మనకి ప్రొడక్షన్‌లో ఒక సర్వర్ పడిపోతేనే వారం రోజులు మీటింగులు.

ఆ తర్వాత ప్రభుత్వమే చేపల రైలు పెట్టెలు కట్టించింది. 1881 నుంచి 1947 దాకా అవి అమెరికా అంతా తిరిగాయి. పెట్టె నిండా క్యాన్లు, మంచు, సిబ్బందికి పడుకునే బల్లలు. క్యాన్లతో పాటు వెళ్ళేవాళ్ళని మెసెంజర్లు అనేవారు. వాళ్ళ పని ఏంటయ్యా అంటే గరిటెతో నీళ్ళు తీసి ఎత్తునుంచి మళ్ళీ అదే క్యాన్లో పొయ్యడం. ఒక క్యాను అయ్యాక ఇంకోటి. చివరి క్యాను అయ్యేసరికి మొదటిదాని వంతు. మనం ఫర్ లూప్ అంటామే, అది మనిషి చేత రాయించడమన్నమాట.

ఇక మావయ్య చెప్పిన మనిషి. ఆయన్ని వెతుక్కుంటూ బెంగాల్ వెళ్ళాలి. బొచ్చె, శీలావతి లాంటివి చెరువు నీళ్ళలో వాటంతటవి గుడ్లు పెట్టవు. వానాకాలం వరదకి నదుల్లో పెడతాయి. అందుకని ఒకప్పుడు పిల్లల్ని నదుల్లోనే పట్టుకునేవారు. అక్కణ్ణించి చెరువులకి చేర్చడానికి వాళ్ళకి ఉన్న వాహనం మట్టికుండ. హండీ అంటారు. ఒక్కోదాంట్లో ఇరవై లీటర్ల పైచిలుకు నీళ్ళు, వేలకి వేలు పిల్లలు. కావడికి రెండు వైపులా వేసుకుని నడిచేవారు. ఆ నడకలో కావడి ఊగుతుంటే నీళ్ళు వాటంతటవే కదిలి గాలి కలిసేది. ఆగితే చేత్తో నీళ్ళు కొట్టాలి. మట్టికుండ కాబట్టి చెమర్చి నీళ్ళు చల్లగా ఉండేవి. కాస్త ఎర్రమట్టి పొడి కూడా కలిపేవారు, నీళ్ళలో తేలే చెత్తని అది అడుక్కి దింపేస్తుందని. ఇందులో ఒక్కో వివరం చూడండి. గాలి, చల్లదనం, శుభ్రత. పుస్తకం చదవకుండా మూడూ పట్టేశారు.

కొల్లేరు చుట్టుపక్కల చెరువులు తవ్వడం జోరందుకున్న మొదటి రోజుల్లో పిల్లలు కలకత్తా వైపు నుంచి వచ్చేవి. మా మావయ్య వాళ్ళ నాన్న రైల్లో కుండల పక్కన కూర్చుని వచ్చిన మనుషుల్ని చూశారట. కబుర్లు చెబుతూ, బీడీ కాలుస్తూ, తింటూ కూడా ఎడమచెయ్యి నీళ్ళలోనే ఉండేదట. ఇప్పుడు దారి తిరగబడింది. మన చేపలు ఐసులో పెట్టి లారీల్లో హౌరాకి పోతున్నాయి. పిల్లల కోసం అంత దూరం పోనక్కర్లేకుండా చేసింది హీరాలాల్ చౌధురి గారు. 1957 జూలై 10న కటక్‌లో ఇంజెక్షన్ ఇచ్చి చేపల చేత గుడ్లు పెట్టించారు. ఏటా ఆ రోజున చేపరైతుల దినోత్సవం జరుపుతారు. అయినా నీళ్ళు కొట్టే చెయ్యి పూర్తిగా పోలేదు. బెంగాల్‌లో నైహాటి పెద్ద చేపపిల్లల మార్కెట్టు. అటు లోకల్ రైళ్ళలో అల్యూమినియం హండీలు ముందు పెట్టుకుని అరచేత్తో టపటపా నీళ్ళు కొడుతూ కూర్చునేవాళ్ళు ఆ ప్రాంతం వాళ్ళకి కొత్త కాదు.

చాలాచోట్ల ఆ చేతికి సెలవిచ్చింది పాలిథీన్. 1933లో ఇంగ్లండ్‌లో ఐసీఐ వాళ్ళ ల్యాబులో వేరే దేనికోసమో చేస్తున్న ప్రయోగంలో అనుకోకుండా పుట్టింది. 1950లలో చేపల వ్యాపారులు బరువైన రేకు డబ్బాలు మానేసి పాలిథీన్ సంచుల్లో ఆక్సిజన్ నింపి విమానాల్లో పంపడం మొదలెట్టారు. డబ్బాలో బతకలేని సుకుమారమైన చేపలు కూడా అప్పుడే వేలల్లో ఖండాలు దాటాయి.

ఇప్పుడు నా తప్పుకొస్తా. కవరులో ఒక వంతు నీళ్ళు, రెండు వంతులు ఆక్సిజన్ ఉండటం లెక్క. షాపతను నన్ను మోసం చెయ్యలేదు. చేప పీల్చేది నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ని, అది తగ్గేకొద్దీ పైనున్న నిల్వలోంచి కరుగుతూ ఉంటుంది. బస్సు కుదుపులే గరిటె పని చేస్తాయి. నేను మూతి విప్పి ఆ నిల్వంతా కర్నూలు గాలిలో కలిపేసి, బదులుగా నేను వాడేసి వదిలిన ఊపిరి నింపాను. అంతటితో అయిపోలేదు. చేప మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది, కార్బన్ డయాక్సైడూ వదులుతుంది. మూసిన కవరులో ఈ రెండోది నీళ్ళని కాస్త ఆమ్లంగా మారుస్తుంది. అలాంటి నీళ్ళలో అమ్మోనియా చాలావరకు అమ్మోనియం రూపంలో, అంత హాని చెయ్యకుండా ఉంటుంది. మూతి తీసి గాలి తగలనిస్తే కార్బన్ డయాక్సైడు ఎగిరిపోతుంది, నీటి గుణం మారుతుంది, అణిగి ఉన్న విషం లేస్తుంది. అందుకే దూరప్రయాణం చేసిన కవరుని గమ్యం చేరాకే విప్పాలి, విప్పాక నాన్చకూడదు. పైగా నా బాటిల్లో పంపునీళ్ళలో క్లోరిన్. మూడింట్లో ఏది చంపిందో ఇప్పుడు చెప్పలేను. లాగ్స్ లేవు.

తమాషా ఏంటంటే ఇదే ప్లాస్టిక్ సంచి అంతరిక్షానికి కూడా వెళ్ళింది. 1973లో స్కైలాబ్‌కి రెండు మమిచాగ్ చేపల్ని, 50 గుడ్లని సంచిలో వేసి పంపారు. మొదట్లో పైకింద తెలీక గింగిరాలు తిరిగాయి. మూడు వారాలయ్యేసరికి వెలుతురు వచ్చే వైపే పైన అనుకుని మామూలుగా ఈదాయి. అక్కడే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు మాత్రం మొదట్నుంచీ సరిగానే ఈదాయి.

ఈ మధ్య చేపల్ని షికారుకి తీసుకెళ్ళే సరంజామా కూడా వచ్చింది. జపాన్‌లో 2021లో ఒక కంపెనీ చేతిసంచీలా పట్టుకెళ్ళే పారదర్శకమైన గొట్టం తయారు చేసింది, గాలి పంపుతో సహా. నెట్లో చూసి చాలామంది "చేపకి కూడా బయటి ప్రపంచం చూపించాలి" అన్నారు. నేను ఒప్పుకోను. ఒక్క చేప పట్టే గొట్టంలో, అడుగడుగుకీ ఊగుతూ, దాక్కునే చోటు లేకుండా తిరగడం చేపకి వినోదం కాదు, మనకి. 2022లో ఇజ్రాయెల్‌లో బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వాళ్ళు చేసింది వేరే సంగతి. చక్రాల బండి మీద తొట్టి పెట్టి, పైన కెమెరా బిగించి, చేప ఎటు ఈదితే బండి అటు వెళ్ళేలా ప్రోగ్రాం రాశారు. ఆరు గోల్డ్‌ఫిష్‌లు గదిలో గురి దగ్గరికి బండి నడపడం నేర్చుకున్నాయి, చేరితే తిండి. పక్కనుంచి బయల్దేరినా, దొంగ గురులు పెట్టినా దారి కనుక్కున్నాయి. మూడు సెకన్ల జ్ఞాపకశక్తి అని మనం జోకులేసే చేప! అక్కడ తేడా ఒక్కటే, బండి ఎటు వెళ్ళాలో చేప చేతిలో ఉంది. (చేప చేతిలో.. సరే, అర్థమైందిగా.)

2004లో ఇటలీలో మోంజా, 2005లో రోమ్ నగరాలు గుండ్రటి గాజు గిన్నెల్లో చేపల్ని ఉంచడం నిషేధించాయి. అప్పట్లో జనం నవ్వుకున్నారు. కానీ మింగ్ కాలపు వెడల్పు తొట్టిని తలుచుకుంటే నవ్వు రాదు. మూతి ఇరుకైన గిన్నెలో పైదాకా నీళ్ళు పోస్తే గాలి తగిలే జాగా అరచేయంత. ఒక ఒంటరి చేప, నాలుగు వైపులా వంకర ప్రపంచం. ఇంగ్లండ్‌లో 1956లో తిరనాళ్ళలో బహుమతిగా గెలుచుకున్న టిష్ అనే గోల్డ్‌ఫిష్ 1999 దాకా, 43 ఏళ్ళు బతికింది. మన ఇళ్ళలో చేపలు రెండేళ్ళు బతికితే "బాగా బతికింది" అంటాం.

చెల్లికి చివరికి ఫోన్‌లో చెప్పేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "గుండు కూడానా?" అంది. అంతే.

పోయిన నెల హైదరాబాదుకి తిరిగొచ్చేశాను. ఈసారి నావి నాలుగు చేపలు. ముందురోజు తిండి పెట్టలేదు, కవరులో నీళ్ళు పాడుకాకుండా. కవరుకి ఒక చేప చొప్పున, డబుల్ కవరు, మూలలు మడిచి రబ్బరు బ్యాండ్లు. షాపతన్ని అడిగి మరీ నీళ్ళు తక్కువ పోయించా. న్యూస్‌పేపరు చుట్టి థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత వేశా. రెండు పాత తొట్టి స్పాంజీలు కూడా తడిగా తెచ్చా, కొత్త తొట్టిలో వెయ్యడానికి. బస్సు మళ్ళీ కర్నూలు దగ్గర ఆగింది. టీ తాగాను. పెట్టె ఒళ్ళోనే ఉంది, మూత తియ్యలేదు. నిద్ర మాత్రం పట్టలేదు. నేను మేలుకుని చేసేదేమీ లేదని తెలుసు, అయినా.

ఇంటికొచ్చాక కవర్లు పావుగంట తొట్టిలో తేలనిచ్చి, విప్పిన వెంటనే చేపల్ని మాత్రం వలతో తీసి వదిలి, ఆ నీళ్ళు పారబోశాను. మూడు గంటలో తిరగడం మొదలెట్టాయి. నాలుగోది మొక్క వెనకాల దాక్కుని సాయంత్రం దాకా బయటికి రాలేదు. రాత్రి ఎనిమిదింటికి వచ్చి తిండి తింది. ఫొటో తీసి చెల్లికి పంపాను. ఈసారి ఆ రోజుదే.